అడగని ప్రశ్నకు ఉపదేశం

2023లో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు వికారాబాద్ జిల్లా రాష్ట్రంలో అట్టడుగున నిలిచింది. ఉత్తీర్ణత 59.46 శాతం. 2024లో 65.10 శాతానికి పెరిగినా స్థానం అదే. 2025లో 73.97 శాతం వచ్చింది, అయినా చివరి వరుసే. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద 92.78 శాతం మంది పాసయ్యారు. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ సమీక్షలు జరుగుతాయి, ప్రత్యేక తరగతులు పెడతారు. వాటితో పాటు మా పిల్లల చేతికి మరొకటి చేరుతోంది. అదే వ్యక్తిత్వ వికాస పుస్తకం.

నా ఇల్లు వికారాబాద్‌లో, నేను తెలుగు చెప్పే ప్రభుత్వ ఉన్నత పాఠశాల తాండూరు పక్కన. ఆగస్టు 15కి వ్యాసరచనలో గెలిచినవాళ్లకు, జనవరి 26కి ఆటల్లో గెలిచినవాళ్లకు, పదో తరగతి వీడ్కోలు సభలో దాదాపు అందరికీ ఇప్పుడు ఇవే పుస్తకాలు బహుమతి. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. తల్లిదండ్రులు కూడా నన్ను ఆపి అడుగుతారు: "మేడం, మావోనికి ఏదన్న మంచి బుక్కు చెప్పుండ్రి, జర హుషారైతడు." ఆ అడగడంలో ఎంత ఆశ ఉంటుందో నాకు తెలుసు. తాము చదవలేని పుస్తకంలో తమ కొడుకు బతుకు బాగుపడే దారి ఉందని వాళ్లు నమ్ముతారు.

మరి ఈ పుస్తకాలు పిల్లలకు తగినవేనా? పనికొస్తాయా? దీన్ని నేను చదువు చెప్పే పద్ధతికి సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూడలేను. మనిషి గెలుపోటముల్లో తన ప్రయత్నం ఎంత, తనకు దక్కిన పరిస్థితి ఎంత అని మన పెద్దలు ఎన్నో తరాలుగా అడుగుతూ వచ్చారు. ఈ పుస్తకాల్లో చాలావాటి దగ్గర ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఉంది: అంతా నీ చేతుల్లోనే ఉంది. నడివయసు మనిషికి ధైర్యం ఇచ్చే ఆ మాటే పద్నాలుగేళ్ల పిల్లవాడి నెత్తిన పెడితే ఏమవుతుందో దగ్గర నుంచి చూశాను.

పదో తరగతి పిల్లవాడొకడు ఒకరోజు తన నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. అక్క వాడి వదిలేసిన నోటుపుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీలవి. మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి టైంటేబుల్ రాసుకున్నాడు. పొద్దున నాలుగున్నరకు లేవడం దగ్గర మొదలై రాత్రి పదకొండుకు ముగుస్తుంది. తర్వాతి పేజీల నిండా ఒకటే వాక్యం: నాకు 550 మార్కులు వస్తాయి. రోజుకు నూట ఎనిమిది సార్లు రాయాలనుకున్నాడట. రాయమన్నది బహుమతిగా వచ్చిన పుస్తకం. నూట ఎనిమిది అన్న లెక్క మాత్రం వాళ్ల నాయనమ్మది. ఆమె రామకోటి రాస్తుంది.

వాడి తండ్రి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో బండలు ఎత్తే పని చేస్తాడు. వానాకాలం చివర్లో నడుము పట్టేసి మంచం ఎక్కాడు. ఇల్లు గడవక తల్లి పత్తి ఏరే కూలికి పోతే వీడూ వెంట పోయాడు. ఆ రోజుల్లోనే బడిలో వర్గ సమీకరణాలు అయిపోయాయి. తిరిగి వచ్చేసరికి లెక్కల సారు తర్వాతి పాఠంలో ఉన్నారు. ఇదంతా నేను ఒక్కొక్కటిగా అడిగితే చెప్పాడు. తనంతట తాను చెప్పింది ఒక్కటే మాట: "నేను మనసువెట్టి రాస్తలేనేమో మేడం. గందుకే లెక్కలు వస్తలేవు."

ఆ మాట నన్ను కలచివేసింది. పాఠం జరిగినప్పుడు వాడు చేనులో ఉన్నాడు. వాడికి లెక్కలు రాకపోవడానికి కారణం అంత స్పష్టంగా ఉంది. కానీ ఆ పుస్తకం వాడికి ఆ కారణాన్ని చూడటం నేర్పలేదు. కారణం నీలోనే ఉందని నేర్పింది. నాయనమ్మ రాసే నామం ఆమె మనసులోని బరువును దేవుడి మీద పెట్టిస్తుంది. మనవడు రాసే వాక్యం లోకంలోని బరువంతా తెచ్చి వాడి మీద పెట్టింది. చూడటానికి రెండూ ఒకే రకం సాధనలా కనిపిస్తాయి, కానీ ఒకటి శరణాగతి, ఒకటి ఒంటరితనం.

ఇలా తన గురించి తాను మంచి మాట పదేపదే చెప్పుకోవడాన్ని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త జోవాన్ వుడ్, ఆమె సహచరులు పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆత్మగౌరవం ఇప్పటికే గట్టిగా ఉన్నవాళ్లకు దానివల్ల కాస్త మేలు జరిగింది. తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం మనసు మరింత కుంగింది. ఏ పిల్లవాడికి ధైర్యం అవసరమో వాడికే ఆ మంత్రం ఎదురు తిరుగుతుందన్నమాట.

ఓటమికి కారణం ఎప్పుడూ పిల్లవాడిలోనే ఉంటుందా? 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు జరిగింది ఎవరూ మరిచిపోలేదు. తెలుగులో సున్నా వచ్చిందని చూపిన మంచిర్యాల జిల్లా అమ్మాయికి తిరిగి చూస్తే 99 మార్కులున్నాయి. ఫెయిలైనవాళ్ల జవాబు పత్రాలన్నీ ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ఈలోపే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో ఎవరి మనసులో ఏముందో చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఓటమి అంటే నీ లోపమే అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన పిల్లలకు, తప్పు ఇంకెక్కడో జరిగి ఉండొచ్చన్న ఆలోచన రావడానికి చోటెక్కడ ఉంటుంది?

ప్రయత్నమా, దైవమా అన్న ప్రశ్న మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. భీష్ముడు జవాబుగా ఒక పాత సంవాదం చెబుతాడు. అందులో ఇదే ప్రశ్న వసిష్ఠుడు బ్రహ్మను అడుగుతాడు. పురుష ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట అన్నది అక్కడ వచ్చే పోలిక. ప్రయత్నం లేనివాణ్ణి దైవం కూడా ఆదుకోదని అక్కడ గట్టిగానే చెప్పారు. అయినా ఒక్కదానితో పంట వస్తుందని అనలేదు. తాండూరు రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ రుచి ఈ నల్లరేగడి నుంచి, కింద ఉన్న సున్నపురాయి నుంచి వచ్చిందని ఒప్పుకున్నట్టే కదా ఆ గుర్తింపు. కందికి నేల బలం కావాలని ఒప్పుకున్న మనం, పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి నేల సంగతి వదిలేసి గింజనే నిలదీస్తున్నాం.

ఒక జిల్లా మొత్తం మూడేళ్లు వరుసగా వెనకబడిందంటే, ఆ జిల్లాలోని వేలమంది పిల్లలు ఒకేసారి సంకల్పం తక్కువై పుట్టారని అర్థమా? నా తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, తండా నుంచి వచ్చి లంబాడీ భాషలో కలలు కనేవాళ్లున్నారు. మా బడిలో పరీక్ష తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయాలి. వలస పోయిన తల్లిదండ్రులు ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలిపెట్టిన పిల్లలున్నారు. వాళ్లందరికీ కలిపి, లక్ష్యం పెద్దగా పెట్టుకో అని ఒకే సలహా ఇవ్వడం సలహా కాదు. మనం చేయాల్సిన పని వాళ్ల మీదికి తోయడం.

దీనికి ఎదురువాదన ఒకటుంది. దాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే మా బడిలోనే నాకంటే ఎక్కువ కష్టపడే తోటి ఉపాధ్యాయుడు ఆ మాటంటాడు. పేదపిల్లలకు ఉన్న ఒకే ఒక్క ఆస్తి తమ ప్రయత్నం మీద నమ్మకమే, పరిస్థితుల గురించి చెప్పి ఆ నమ్మకాన్ని కూడా లాగేసుకుంటే వాళ్లకు మిగిలేది సాకు మాత్రమే అంటాడు. తను అలాగే పైకొచ్చాడు. లాంతరు వెలుగులో చదువుకున్న మనిషికి నేను ఎదురు చెప్పలేను. ప్రయత్నం గొప్పదనం నేనూ కాదనను. నా పట్టుదల ఆ మాట ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలన్న దాని గురించి.

ప్రయత్నాన్ని అందరికంటే గట్టిగా చెప్పిన గ్రంథం మన దగ్గర యోగవాసిష్ఠం. మడికి సింగన దాన్ని వాసిష్ఠ రామాయణంగా తెలుగులోకి తెచ్చాడు. అందులో వసిష్ఠుడు దైవాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తాడు. దైవం అనేది నువ్వు ఇదివరకు చేసిన ప్రయత్నమే తప్ప వేరే ఏమీ కాదంటాడు. నేటి ఏ వ్యక్తిత్వ వికాస పుస్తకమూ ఇంతకంటే ముందుకు పోలేదు. పైగా ఆ బోధ వింటున్నది పదహారేళ్లు నిండని రాముడు. అంటే మా పదో తరగతి పిల్లవాడి ఈడువాడే.

కానీ ఆ బోధ ఎలా మొదలైందో చూడాలి. తీర్థయాత్ర చేసి వచ్చిన రాముడు దిగులుపడి, తిండి మాని, చిక్కిపోయి ఉంటాడు. విశ్వామిత్రుడు యాగరక్షణ కోసం వచ్చినప్పుడు అతణ్ణి సభకు పిలిపిస్తారు. అక్కడ రాముడు మాట్లాడతాడు. సంపద గురించి, శరీరం గురించి, యౌవనం గురించి, చివరికి బాల్యంలో ఉండే నిస్సహాయత గురించి కూడా తన బాధంతా చెప్పుకుంటాడు. మొదటి ప్రకరణమంతా దాదాపు అదే. దశరథుడు అడ్డురాడు. వసిష్ఠుడు అడ్డురాడు. యువరాజువి, నీకేం తక్కువ, పాజిటివ్‌గా ఆలోచించు అని ఎవరూ అనరు. సభంతా విన్న తర్వాతే రెండో ప్రకరణంలో ప్రయత్నం గురించి మాట మొదలవుతుంది. ఆ ప్రకరణంలోనే మోక్షద్వారానికి నలుగురు కాపలాదారులను చెబుతాడు వసిష్ఠుడు. వాళ్లు శమం, విచారం, సంతోషం, సాధుసంగమం. అంతా నీ ప్రయత్నమే అన్న గురువు కూడా మంచివాళ్ల తోడు లేకుండా తలుపు తెరుచుకోదన్నాడు.

మన సంప్రదాయంలో పిల్లలకు చేసిన బోధల్లో గొప్పవన్నీ ఇలాగే ఉన్నాయి. వినే పిల్లవాడు ఉంటాడు, ఎదురుగా కూర్చుని చెప్పేవాడు ఉంటాడు. నచికేతుడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు కాచుకుని తన ప్రశ్న తాను అడిగాడు. ఏనుగులు, బంగారం, దీర్ఘాయుష్షు ఇస్తానన్నా వద్దన్నాడు. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చేసిన బోధ పాళీ గ్రంథాల్లో ఉంది. అప్పటికి రాహులుడికి ఏడేళ్లని వ్యాఖ్యాతలు చెబుతారు. అద్దం దేనికి అని అడిగి, చూసుకోవడానికి అని కొడుకు చేతే చెప్పించి, ఏ పనైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ హాని ఉందా అని చూసుకోమన్నాడు. అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులూ గృహస్థులూ తరచూ వినదగిన బోధల్లో దీన్నీ చేర్చాడు. ఖురాన్ 31వ అధ్యాయంలో లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పిన మాటలు మా బడిలో ముస్లిం పిల్లలకు తెలుసు. ప్రార్థన చేయి, కష్టం వస్తే ఓర్చుకో, మనుషుల నుంచి గర్వంతో ముఖం తిప్పుకోకు, నడకలో పొగరు వద్దు, గొంతు తగ్గించి మాట్లాడు అంటాడు. ప్రతి మాటా నా బిడ్డా అన్న ప్రేమతో నడుస్తుంది.

వీటిలో ఒక్కటి కూడా పిల్లవాడికి మొదటి ర్యాంకు వస్తుందని మాట ఇవ్వలేదు. ఎలా ఉండాలో చెప్పాయి, అందరికంటే ముందు ఎలా ఉండాలో చెప్పలేదు. నేటి పుస్తకాలు చాలావరకు గెలుపునే ధర్మంగా చూపిస్తాయి. పక్కవాణ్ణి దాటిపోవడమే ఎదుగుదల అని చెప్పి, క్రమశిక్షణ, ఓర్పు, పొద్దున్నే లేవడం లాంటి మంచి గుణాలన్నిటినీ ఆ ఒక్క పనికి కూలీలుగా పెడతాయి. పిల్లవాడు ఓర్పు నేర్చుకోవాల్సింది ర్యాంకు కోసం కాదు. మంచాన పడిన తండ్రికి అన్నం తినిపించడానికి కూడా ఓర్పే కావాలి.

ఈ తరహా పుస్తకాలకు సెల్ఫ్ హెల్ప్ అన్న పేరు తెచ్చింది 1859లో శామ్యూల్ స్మైల్స్ ఆ పేరుతోనే రాసిన పుస్తకం. అది పుట్టిన తీరు తెలిశాక నాకు ఆ పుస్తకం మీద గౌరవం పెరిగింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ పట్టణంలో కొందరు పేద యువకులు చలికాలపు సాయంత్రాల్లో ఒకచోట చేరి, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెబుతూ చదువుకునేవారు. వాళ్లు పెరిగి వందమంది దాకా అయ్యారు. తమతో నాలుగు మాటలు మాట్లాడమని వాళ్లే వచ్చి స్మైల్స్‌ను అడిగారు. ఆ ప్రసంగాల నుంచి పుస్తకం వచ్చింది. స్వయంకృషి పేరుతో లోకమంతా తిరిగిన పుస్తకానికి మూలం ఒకరికొకరు చదువు చెప్పుకున్న గుంపు. ఆ గుంపు లేకుండా పుస్తకం ఒక్కటే మన పిల్లలకు చేరుతోంది.

అందుకని ఈ పుస్తకాలన్నీ పనికిరానివని నేను అనను. వికారాబాద్ దగ్గర ఇంతకుముందు పనిచేసిన బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చదువు పద్ధతుల గురించిన పుస్తకం చదివి, అందులోంచి ఒకే ఒక్క అలవాటు పట్టుకుంది. రోజూ పడుకునే ముందు ఆరోజు ఏం అర్థమైందో ఒక పక్క, ఏం అర్థం కాలేదో మరో పక్క రాసేది. అర్థం కానివాటి జాబితా మర్నాడు పొద్దున టీచర్ల గదికి తెచ్చేది. ఒక్కోరోజు ఆ చీటీలో నా పాఠమే ఉండేది. సంధి ఎక్కడ జరిగిందో తెలియలేదని రాసుకొచ్చేది, నేను మళ్లీ చెప్పేదాన్ని. ఆ పుస్తకం ఆ పిల్లను మా దగ్గరకు నడిపించింది. నేను మంచి పుస్తకం అనేది దాన్నే. నువ్వు ఒక్కదానివే చాలు అని చెప్పకుండా, వెళ్లి అడుగు అని చెప్పాలి.

అమెరికాలో పరిశోధకులు తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు వేలమందిపై చేసిన ఒక అధ్యయనం 2019లో నేచర్ పత్రికలో వచ్చింది. తెలివి పుట్టుకతో గడ్డకట్టేది కాదు, కష్టపడితే పెరుగుతుంది అని గంటలోపే ముగిసే పాఠం ఒకటి చెప్పారు. చదువులో వెనకబడిన పిల్లల మార్కులు నిజంగానే పెరిగాయి. పెరిగింది గ్రేడు పాయింట్ల సగటులో సుమారు 0.1 పాయింటు. తోటి పిల్లల్లో కష్టమైన పనికి పూనుకునే వాతావరణం ఉన్న బడుల్లో ఎక్కువగా పెరిగింది. అంటే మాటకు బలం ఉంది, కానీ అది కొద్దిపాటి బలం. అది కూడా చుట్టూ ఉన్నవాళ్ల వల్ల నిలబడుతుంది. మా తోటి ఉపాధ్యాయుడికీ నాకూ మధ్య తగువు ఇక్కడ తీరిపోతుంది. నువ్వు చేయగలవు అన్న మాట తరగతి గదిలో పక్కన నిలబడి చెబితే చేయూత. దూరం నుంచి అచ్చులో చెబితే, చేయలేనప్పుడు అదే నేరారోపణ.

తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్ విజయానికి ఐదు మెట్లు చదివి నిలదొక్కుకున్న పెద్దవాళ్లు నాకు తెలుసు. 2025లో మనకు దూరమైన బి.వి. పట్టాభిరామ్ ఇంద్రజాలికుడిగా పేరు తెచ్చుకుని, పుస్తకాలతో ఆగకుండా బడులకూ కాలేజీలకూ తిరిగి పిల్లల ఎదుట నిలబడి మాట్లాడారు. ఎదుట నిలబడడంలో ఉన్న మేలు ఆయనకు తెలుసు. ఈ పుస్తకాల్లోని చాలా మాటలు జీవితంలో నాలుగు దెబ్బలు తిని, తన దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పుకోగలిగిన మనిషికి పనికొస్తాయి. పదేళ్లలోపు పిల్లలకు అసలు అవసరం లేదు. వాళ్లకు కథలు చాలు. కథలో ఓడిపోయినవాడి మీద జాలి కూడా కలుగుతుంది. సూత్రాల పుస్తకంలో ఆ జాలికి చోటుండదు.

పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లకు ఇవ్వాలంటే నేను జీవితచరిత్రలు ఇస్తాను. అబ్దుల్ కలాం 1999లో ప్రచురించిన ఆత్మకథను వాడ్రేవు చినవీరభద్రుడు ఒక విజేత ఆత్మకథ పేరుతో తెలుగు చేశారు. దాన్ని కూడా విజయ సూత్రాల పుస్తకంగానే అమ్ముతున్నారు. లోపల చూడండి. ఇంజనీరింగ్ చదువుకు ఫీజు లేకపోతే సోదరి జోహరా తన బంగారం తాకట్టు పెట్టింది. వైమానిక దళం ఎంపికలో ఇరవై ఐదుమందిలో ఎనిమిదిమందిని తీసుకుంటే ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచాడు. దిగులుతో రిషీకేశ్ వెళ్తే స్వామి శివానంద పిలిచి కూర్చోబెట్టి, ఎందుకు బాధపడుతున్నావని ముందు అడిగాడు, తర్వాతే చెప్పాడు. ముస్లిం కుర్రవాడు, హిందూ సన్యాసి, మధ్యలో ఒక ఓటమి. ఈ పేజీలు తరగతిలో చదివినప్పుడు పిల్లలు కదలకుండా విన్నారు. విజేత అన్నవాడి వెనుక ఎంతమంది చేతులున్నాయో వాళ్లకు మొదటిసారి కనిపించింది.

నోటుపుస్తకం తెచ్చిన పిల్లవాణ్ణి లెక్కల సారు దగ్గరకు తీసుకెళ్లాను. బడి అయ్యాక వాణ్ణి, అలాగే పత్తికి పోయి పాఠం తప్పిన మరికొందరినీ కూర్చోబెట్టుకుని ఆయన వర్గ సమీకరణాలు మొదటి నుంచి చెప్పారు. వాడికి లోటైంది సంకల్పం కాదు, పాఠం. పాఠం దొరికాక వాడి సంకల్పం వాడే చూసుకున్నాడు.

వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్‌లో ఈ ఏడాది పిల్లలకు బహుమతులు ఇవ్వదలచిన పెద్దలందరికీ, కన్నవాళ్లకూ నా విన్నపం ఒకటే. పుస్తకం కొనే ముందు ఒక సాయంత్రం ఆ పిల్లవాడి దగ్గర కూర్చోండి. ఏ పాఠం తప్పిపోయింది, ఇంట్లో ఏం జరుగుతోంది, దేనికి భయపడుతున్నావు అని అడగండి. పూర్తిగా చెప్పేదాకా మధ్యలో సలహా ఇవ్వకండి. విన్నాక మీరు చేయగలిగింది ఉంటే అది చేయండి. అప్పటికీ పుస్తకం కావాలనిపిస్తే తప్పకుండా కొనండి. మొదటి అధ్యాయం మాత్రం వాడి పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి. ప్రయత్నం వాడిది. వాడు ఒంటరిగా ప్రయత్నించే అవసరం రాకుండా చూడటం మన ధర్మం.